బాలమణి చేతులు

అది 1953. నాంపల్లి స్టేషన్ దగ్గర గల్లీలో ఒక డాక్టరుగారి చిన్న క్లినిక్‌లో నేను నర్సుగా పనిచేస్తున్నాను. చలి ముదిరిన రోజుల్లో బాలమణి మొదటిసారి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. భువనగిరి వైపు పల్లె నుంచి భర్తతో పట్నం వచ్చింది. అతను బేగం బజార్‌లో మూటలు మోసేవాడు, ఆమె ఆబిడ్స్‌లో ఒక హోటల్లో గిన్నెలు తోమేది.

చేతులు కొంగు కింద దాచుకొని కూర్చుంది. చూపించమంటే చాలాసేపు ఆలోచించి బయటికి తీసింది. వేళ్ళ సందులు పగిలి రసి కారుతోంది. పైన ఏదో పచ్చగా అట్టకట్టింది.

"ఏం రాసినవమ్మా?"

"వేపాకు, పసుపు నూరి పెట్టిన. తగ్గకపోతె గంధకం నూనెల కలిపి రాసిన. మంట లేస్తె మందు పనిచేస్తున్నట్టే అన్నరు. దురద ఆగక కాగిన నీళ్ళు గూడ పోసుకున్న."

డాక్టరుగారు చూసి ఎగ్జిమా అన్నారు. చర్మం ఎండి, పగిలి, దురద పెట్టే జబ్బు అది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. గిన్నెలు తోమే సోడా దాన్ని రేపింది. గంధకం, వేడినీళ్ళు ఇంకా రేపాయి. రసి ఆరేదాకా పర్మాంగనేట్ కలిపిన లేత గులాబీ రంగు నీళ్ళలో చేతులు ముంచాలి, తర్వాత జింక్ ఆయింట్‌మెంట్ రాయాలి. ఇంటి దగ్గర ఏం చేయాలో నేను చెప్పాను. గోరువెచ్చని నీళ్ళు చాలు. పుండ్లు మానినాక, చేతులు కడిగిన ప్రతిసారీ తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె రాసుకోవాలి. పడుకునే ముందు పాత నూలు బట్ట చుట్టుకోవాలి. పగిలిన చర్మం మీద ఏ ఆకూ నూరి పెట్టొద్దు.

అంతా విని ఒక్కటే అడిగింది. "గిట్ల చేస్తె నా బిడ్డను పట్టుకోవచ్చునా?"

అప్పుడు తెలిసింది అసలు సంగతి. కొన్ని నెలల కిందటే అత్త ఆ చేతులు చూసి పెద్దరోగమని, అంటే కుష్టు అని భయపడి, పాలు మరవని పిల్లను ఊరికి తీసుకుపోయింది. బాలమణి ఊరికి పోయినా ముట్టనివ్వలేదు. దూరం నుంచే చూసి రావాలి.

"ఇప్పుడు గూడ పట్టుకోవచ్చు. ఇది అంటుకోదు," అన్నాను.

"నువ్వంటవు సిస్టరమ్మా. ఆమె ఒప్పుకోవాలె గద."

హోటల్ సేటును బతిమాలి గిన్నెల పని మానుకుంది. అక్కడే బియ్యం, పప్పులు ఏరే పనిలో కుదిరింది. కట్టు కట్టించుకునేటప్పుడు క్లినిక్‌లో ఏ పిల్ల ఏడ్చినా ఆమె మెడ అటు తిరిగేది. "తలకు నూనె పెడితె కండ్లు మూసుకుంటుండె," అందొకసారి.

చేతులు నెమ్మదించాక, అత్తను తీసుకురమ్మని ఆమె భర్తతో చెప్పాను. ఆ ముసలామె పిల్లను చంకనెత్తుకొని వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. నేను బాలమణి చేతిని నా చెంపకు ఆనించుకున్నాను.

"అంటుకునేదైతె నాకు ఎప్పుడో వస్తుండె, పెద్దమ్మా."

ఆమె నా ముఖం, నా చేతులు తేరిపార చూసింది. "నాకేం పగనా బిడ్డా? పసిదానికి ఏమన్నైతదేమోనని గుండె కొట్టుకున్నది," అని పిల్లను కిందికి దించింది.

బాలమణి చేతులు చాపింది. పిల్ల ఆమెను కాసేపు చూసి, వెనక్కి తిరిగి ముసలామె కాళ్ళకు చుట్టుకుంది. "అమ్మా" అని ఆ ముసలామెనే పిలిచింది. చాపిన చేతులు మెల్లగా కొంగు కిందికి పోయాయి.

"నన్ను మర్సింది సిస్టరమ్మా," అంది.

ముసలామె పట్నంలోనే ఉండిపోయింది. పిల్ల బాలమణి దగ్గరికి రావడానికి వర్షాలు మొదలయ్యేదాకా పట్టింది. జబ్బు పూర్తిగా పోలేదు. ఎగ్జిమా అంత తేలిగ్గా పోయేది కాదు. మరుసటి చలికాలం వేళ్ళు మళ్ళీ పగిలితే బాలమణి వచ్చింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది.

"ఇటియ్యి, నేను పట్టుకుంట. రెండు చేతులకూ మందు రాయాలె," అన్నాను.

"వద్దు సిస్టరమ్మా. ఒక్కొక్క చెయ్యి ఇస్త," అంది.

అలాగే రాశాను. ఆ తర్వాత ఎగ్జిమాతో ఎవరు వచ్చినా, మందు తీయకముందే ఇంటివాళ్ళను లోపలికి పిలిచి, వాళ్ళ ఎదుట ఆ చేతిని ఉత్త చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.