మునిరత్నం సార్ మడత కత్తి

పోయిన ఆదివారం మా అమ్మాయి నిత్య నన్ను మౌంట్‌రోడ్డులో ఒక దుకాణానికి తీసుకువెళ్లింది. కొండలెక్కేవాళ్లకు కావలసిన సంచులు, తాళ్లు, బూట్లు అమ్మే చోటు అది. నిత్యకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. మంచి మడత కత్తి ఒకటి కొనుక్కోవాలని సరదా. దుకాణమతను అద్దాల పెట్టెలోంచి ఒక కత్తి తీసి, బొటనవేలితో బ్లేడును నెట్టాడు. టక్‌మని చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు, బరువైన తలుపుకు గడియ సరిగ్గా పడినప్పుడు వచ్చేలాంటిది. వెంటనే సన్నగా నూనె వాసన, కుట్టు మిషన్‌కు వేసే నూనె వాసన. నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

"పద్దెనిమిది వేలంట. ఇది అంత వర్త్ దానా మా? నువ్వు సొల్లు," అని నన్నే చెప్పమంది నిత్య. మా ఇంట్లో తెలుగు ఇప్పుడిలాగే సగం అరవంలో నడుస్తోంది. "దాంతో నీకేం పనుంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, తాడు కోయడానికి, పండ్లు కోసుకోవడానికి అంది. చివరికి అందులో మూడో వంతు ధరకు వచ్చేది ఒకటి తీసుకుంది. ఆటోలో వస్తూ, "ఆడ ఎందుకు అట్ట కూచుండిపోయినావు?" అని అడిగింది. మా సార్ దగ్గర అలాంటి కత్తి ఉండేదని చెప్పాను. ఆ రద్దీలో, ఆ హారన్ల మధ్య అంతకుమించి చెప్పడం కుదరలేదు. చెప్పవలసింది చాలా ఉంది.

మునిరత్నం సార్ సర్వేయర్. పొలాలు కొలిచే సర్వేయర్ కాదు. ఓడల్లో దిగిన సరుకును గోడౌన్లకు వెళ్లి పరీక్షించి, బాగుందో పాడైందో రాసి సంతకం పెట్టే సర్వేయర్. ఆ కాగితాన్ని బట్టే సరుకు అక్కణ్నుంచి కదులుతుంది. తొండియార్‌పేటలో ఒక మేడ మీద మా ఆఫీసు. నేను కెమిస్ట్రీ డిగ్రీ పూర్తిచేసి, కోడంబాక్కం నుంచి రెండు బస్సులు మారి అక్కడికి వెళ్లేదాన్ని. మా నాన్న సినిమా స్టూడియోల్లో దుస్తులు కుట్టేవాడు. ఆడపిల్లను గోడౌన్లకు పంపడం ఆ కంపెనీలో అదే మొదలు. నన్ను ఎవరి వెంట పంపాలన్న మాట వచ్చినప్పుడు అందరూ కిటికీలోంచి బయటికి చూశారట. సార్ ఒక్కరే, "నాతో రానీ," అన్నారట. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. సన్నటి మనిషి. ఎంత ఇస్త్రీ చేసినా పది గంటలకల్లా నలిగిపోయే తెల్ల చొక్కా. జేబులో రెండు పెన్నులు, ప్యాంటు కుడి జేబులో ఆ కత్తి.

నల్లచెక్క పిడి, ఇత్తడి అంచు, జానెడు కూడా లేని బ్లేడు. ఒక విదేశీ ఓడలో ఇంజనీరు దగ్గర చూసి, ఆ ఓడ మళ్లీ వచ్చినప్పుడు తనకొకటి తెప్పించుకున్నారు. రెండు నెలల జీతం పోసి కొన్నారని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. దాన్ని సార్ గారి రెండో సంసారం అని వెక్కిరించేవాళ్లు. సార్‌కు ఆ సంగతి తెలుసు. విననట్టే ఉండేవారు.

నేను మొదటిసారి ఆయనతో వెళ్లింది బియ్యం గోడౌన్‌కి. శాంపిల్ కోసం సాధారణంగా మొన తేలిన ఇనుప గొట్టంతో మూటను పొడుస్తారు. గొట్టంలోకి గింజలు జారుతాయి, మూటకు మాత్రం చిల్లి మిగులుతుంది. తర్వాత మోసేవాళ్ల వీపుల మీదుగా ఆ చిల్లిలోంచి బియ్యం కారుతూ ఉంటుంది. సార్ గొట్టం ముట్టుకోలేదు. మూట మూతి దగ్గర వంగి, కత్తి తెరిచి, పురికొస కుట్లలో ఒక్క కుట్టు మాత్రం తెంపారు. వేలితో రెండు కుట్లు వదులు చేసి గింజలు తీసుకున్నారు. గోడౌన్లన్నింట్లో మూటల పని చూసే మేస్త్రీ ఏళుమలై సూదితో క్షణంలో దాన్ని మళ్లీ కుట్టేశాడు.

"గొట్టమైతే తొందరగా అయిపోతుంది కదా సార్," అన్నాను.

"అవతాది. కానీ మూట మనది కాదు గదా మా. మనం చూసేదానికి వచ్చినాం, పొడిచేదానికి కాదు."

ఆ రోజంతా ఆయన ఎన్నో మూటలు తెరిచారు. ఒక్క గింజ నేల మీద పడలేదు. సాయంత్రం బయటి కుళాయి దగ్గర కత్తి కడిగి, రుమాలుతో తుడిచి, చిన్న సీసాలోంచి ఒక్క చుక్క నూనె వేసి మడిచారు. తర్వాతే తన ముఖం కడుక్కున్నారు.

రెండు నెలలు తిరిగేసరికి నాకూ ఒక కత్తి ఉండాలనిపించింది. ప్యారిస్ కార్నర్‌లో పేవ్‌మెంట్ మీద కొన్నాను. చూడటానికి అచ్చం సార్ కత్తిలాగే ఉంది, ధర మాత్రం భోజనం టోకెను కంటే కాస్త ఎక్కువ. లోలోపల గర్వపడ్డాను, సార్ ఊరికే అంత డబ్బు పోశారని కూడా అనుకున్నాను. పది రోజులు బాగానే పనిచేసింది. పదకొండో రోజున గట్టిగా బిగించిన ఒక కుట్టు దగ్గర కాస్త బలంగా నొక్కాను. తెరిచి ఉండవలసిన బ్లేడు వెనక్కి మడుచుకుని నా చూపుడువేలి మీద పడింది. ఎముక దాకా దిగింది.

సార్ తన రుమాలుతో గట్టిగా కట్టి, చెయ్యి పైకెత్తి పట్టుకోమని, లారీ ఒకటి ఆపి ఆస్పత్రికి తీసుకువెళ్లారు. డాక్టరు కుట్లు వేస్తున్నంతసేపూ ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు. రక్తం చూడలేకపోయారని తర్వాత తెలిసింది. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. బయటికొచ్చాక టీ తాగుతూ నా కత్తిని చేతిలోకి తీసుకుని తెరిచి మూసి చూశారు.

"బ్లేడు బాగానే ఉండాది. బ్లేడుకి పెద్ద డబ్బు కాదు మా. తెరిచినాక తెరుచుకొనే నిలబడాల. ఆ లాక్‌కే దాన్ డబ్బు."

"అయితే నేను కూడా మీలాంటిదే కొనాలా సార్?"

"ఏమిటికి? మడతే లేకపోతే లాక్ ఏమిటికి?"

మర్నాడు ఆయన నాకొక కత్తి తెచ్చి ఇచ్చారు. చెప్పులు కుట్టేవాళ్లు తోలు కోసే రకం, మడత లేనిది, చెక్క పిడి. దానికి తోలు ఒర ఆయనే కుట్టారు. కుట్లు వంకరగా ఉన్నాయి. అంత ఖరీదైన కత్తి జేబులో పెట్టుకున్న మనిషి నాకు అంత చవకది ఎందుకు ఇచ్చారా అని మొదట చిన్నబుచ్చుకున్నాను. కొంతకాలానికి అర్థమైంది. తన ఇష్టాన్ని ఆయన నాకు అవసరమని చెప్పలేదు. ఆ నిజాయితీ ఎంత అరుదో, అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ చాలామందిని చూశాక గానీ నాకు తెలిసిరాలేదు.

మూడో ఏడాది వానలు తగ్గాక ఎన్నూరు దారిలో ఒక గోడౌన్‌కి వెళ్లాం. విదేశం నుంచి దిగిన కందిపప్పు. ఏటి నీళ్లు ఆ వైపు గోడౌన్లలోకి ఎక్కాయని అందరికీ తెలుసు. సరుకు తెప్పించినవాళ్ల తరఫు ఏజెంటు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. నవ్వుముఖం, ఆంధ్రా నుంచి కొత్తగా వచ్చి స్థిరపడినవాడు. పై వరస మూటలు చూపించాడు. పప్పు పసుపుపచ్చగా, పొడిగా ఉంది. తర్వాత మమ్మల్ని తన అద్దాల గదిలోకి తీసుకువెళ్లి, కూల్‌డ్రింకులు తెప్పించి, బల్ల మీద ఒక పెట్టె పెట్టాడు.

"మీకు కత్తులంటే ఇష్టమని విన్నానండి. మా బావగారు సింగపూర్ నుంచి తెచ్చారు. నా దగ్గర ఊరికే పడుంటోంది. మీలాంటి వారి చేతిలో ఉంటే దానికీ అందం."

పెట్టెలో మడత కత్తి. ముత్యపుచిప్ప పొదిగిన పిడి. బ్లేడు ఉక్కు మీద నీటి అలల్లాంటి గీతలు. ఆ కత్తి బొమ్మ నేనెరుగుదును. ఒక కేటలాగులోంచి చింపిన ఆ కాగితాన్ని సార్ తన డ్రాయర్‌లో దాచుకున్నారు. ఆఫీసులో ఎవరో ఆ మాట ఇతని చెవిన వేశారన్నమాట.

సార్ దాన్ని చేతిలోకి తీసుకున్నారు. తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు. బల్ల మీది పేపరు అంచు పట్టుకుని బ్లేడు ఆనించారు. కాగితం చప్పుడు లేకుండా రెండుగా విడిపోయింది. ఆయన ముఖంలో అలాంటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం వేసింది.

"రొంబ బాగుండాది," అన్నారు. తర్వాత రుమాలు తీసి తన వేలిముద్రలు తుడిచి, కత్తిని మడిచి, పెట్టెలో పెట్టి మూత వేశారు. "పై మూటలు చూసినాం. అడుగు వరస చూడాల."

"అది మీకేనండి," అన్నాడు ఏజెంటు.

"తెలుసు సార్. అడుగు వరస చూద్దాం రండి," అన్నారాయన.

ఏజెంటు నవ్వు తగ్గింది. కూలీలు భోజనాలకు వెళ్లారని, అంత దొంతర ఇప్పుడు దించడం అయ్యే పని కాదని అన్నాడు. సార్ లేచి బయటికొచ్చారు. గోడ నీడలో ఏళుమలై మేస్త్రీ, అతని మనుషులు క్యారియర్లు కడుగుతున్నారు. సార్ ఇంకా అడగనే లేదు. ఏళుమలై తలపాగా చుట్టుకుంటూ లేచి, ఏ వైపు నుంచి తియ్యాలని తమిళంలో అడిగాడు. ఆయన కోసిన ప్రతి మూటనూ ఇన్నేళ్లుగా మళ్లీ కుట్టినవాడు అతనే.

దొంతరను ఒక పక్కన దించడానికి గంటన్నర పట్టింది. అడుగు మూటలు నల్లబడి ఉన్నాయి. సార్ తన పాత కత్తితో ఒక్క కుట్టు తెంపగానే ముక్కు పగిలే బూజు వాసన. పప్పు గడ్డలు కట్టి ఆకుపచ్చగా మారింది. ఆయన ఒక గడ్డను నా అరచేతిలో పెట్టారు.

"వాసన చూడు మా. రాసేటప్పుడు మరిచిపోబాకు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. నేనే ఉండబట్టలేక, "ఆ కత్తి నిజంగా అంత ధర చేస్తుందా సార్?" అని అడిగాను.

"చేస్తాది. ఒక్క రూపాయి కూడా ఎక్కువ కాదు. అట్టాంటి పనితనం నేను చూడలా." కిటికీ వైపు తిరిగారు. "అంగట్లో అయితే డబ్బు అడగతారు. ఆయన డబ్బు అడగలేదే." ఇంకాస్త సేపటికి, తనలో తాను అనుకున్నట్టుగా, "నా చెయ్యి ఇంకా దాని మిందనే ఉండాది మా," అన్నారు.

ఆ పప్పు పిల్లల హాస్టళ్లకు వెళ్లవలసిందని తర్వాత తెలిసింది. తడిసిన మూటలను వేరుచేసి పారబోశారు. ఆ ఏజెంటు మాత్రం తన పని మొత్తం ఇంకో కంపెనీకి మార్చుకున్నాడు. వారం తిరక్కుండా మా యజమాని సార్‌ను గోడౌన్ పని నుంచి తప్పించి ఆఫీసులో ఫైళ్ల ముందు కూర్చోబెట్టాడు. ముప్పై ఏళ్లు ఉప్పుగాలిలో తిరిగిన మనిషి, గోడవైపు బల్ల. అంత ఖరీదైన తన కత్తితో ఇక కవర్లు చించేవారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఒకరోజు ఆ మాట పైకే అనేశాను.

"ఈడ ఫ్యాన్ ఉండాది. మంచిదే గదా," అన్నారు. నేను నవ్వకపోయేసరికి, "దానికి ఏ పనైనా ఒకటే మా. తుప్పు పట్టకుండా ఉంటే చాలు," అన్నారు. అది కత్తి గురించే అన్నారో, తన గురించి అన్నారో అప్పుడు అడగలేదు. నాలుగేళ్లు ఆ బల్ల దగ్గరే ఉండి రిటైరయ్యారు. ఆ నాలుగేళ్లూ నేను గోడౌన్ల నుంచి తెచ్చిన ప్రతి రిపోర్టూ ఆయనే మొదట చదివారు.

ఆయన చనిపోయిన నెలకు తొండియార్‌పేటలో వాళ్ల ఇంటికి వెళ్లాను. సార్ భార్య సులోచనమ్మ గుమ్మంలో కూర్చుని ములక్కాడలు కోస్తున్నారు. ఆ కత్తితోనే. ఏళ్ల తరబడి సానపట్టగా బ్లేడు అరిగి సగమైంది. దాన్ని ఆమె నాకిస్తారేమోనని నాకు లోపల ఆశ ఉంది. కాఫీ తాగాక, సంకోచిస్తూనే అడిగాను.

"అడగతావనే అనుకొన్నా. ఇవ్వను మా," అన్నారామె, కోపం లేకుండా. "దీన్ని కొన్నప్పుడు మూడు దినాలు ఆయనతో మాట్లాడలా నేను. ఇప్పుడు చూడు, సానరాయి మింద పదును పెట్టేది కూడా నేర్చుకొన్నా. నీ కాడ ఆయన పని ఉండాది గదా. నాకిది ఉండనీ."

ఆమె పక్కన కూర్చుని, కోసిన ముక్కలకు పీచు తీసిపెట్టి వచ్చాను.

ఇప్పుడు నాకూ సార్ వయసు వచ్చింది. రిపోర్టుల కింద నా సంతకమే ఉంటుంది. కాళ్లు నొప్పి పుడుతున్నా గోడౌన్లకు నేనే వెళతాను. పై వరస మాత్రమే చూసి వెనక్కి వచ్చిన రోజు ఒక్కటీ లేదు. దానివల్ల రెండు ఉద్యోగాలు పోయాయి, కొందరు పలకరించడం మానేశారు. ఎన్నూరు వైపు మూటలు మోసేవాళ్లు మాత్రం నాకొక పేరు పెట్టారు. అది నా ఎదుట అనరు, కానీ గుమ్మంలో అడుగు పెట్టగానే లోపల ఒకరితో ఒకరు చెప్పుకోవడం వినిపిస్తుంది. "అడి మూట్టై అక్కా వందాచ్చు." అడుగు మూట అక్క వచ్చేసిందని. నేనింకా నోరు తెరవకముందే ఇద్దరు లేచి, తలపాగాలు చుట్టుకుంటూ దొంతర వైపు నడుస్తారు.