ఏ చక్రం మోత?

1974లో, వరికోతలకు కొంచెం ముందు, మిర్యాలగూడలో అచ్చయ్య నడిపే పికప్ బండి ఎక్కినవాళ్లంతా ఒకటే మాట అనసాగారు: ముందు చక్రం మోత పెడుతోందని. రైసుమిల్లు గుమాస్తా ఎడమ చక్రమన్నాడు. బస్తాలెత్తే ముత్తయ్య కుడి చక్రమని పందెం కాశాడు. మిల్లు యజమాని రాంచందర్ సేటు మాత్రం, ఏ చక్రమైనా సరే, కోతలు మొదలయ్యేలోగా బాగుచేయమన్నాడు.

అచ్చయ్య అందరికీ తలూపాడు. అతనికి ఏ మోతా వినిపించలేదు.

అతనిది చివ్వెంల దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. ఇరవై ఏళ్లకే సాగర్ కాలువ పనికి పోయి, రాళ్లు మోసే టిప్పర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడు. బండలు పేల్చే తూటాల పక్కనే తొమ్మిదేళ్లు గడిపి, ఆ పని అయిపోయాక ఈ మిల్లులో చేరాడు. కొంతకాలంగా మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని అతనికి అనిపించేది. పట్నం అలవాటేమో అనుకున్నాడు. ఇంట్లో భార్య నాంచారమ్మ కూడా మాటలు తగ్గించింది. ఎందుకో అడగాలనుకుంటూనే అడగలేదు.

ఇంతమంది చెప్పే మోత తనొక్కడికే ఎందుకు వినబడదో తెలియక, తను ఒంటరిగా నడిపినప్పుడు బండి మోత పెట్టదేమో అని కూడా ఆలోచించాడు. అందులో అర్థం లేదని తనకే తెలుసు. అయినా వేరే కారణం తట్టలేదు.

ఎప్పుడూ బండి చూసే మెకానిక్ ఏదో లారీ ఇంజిను పని మీద కోదాడలో ఉన్నాడు. సూర్యాపేటలో వెతికితే ఒక్క చక్రానికి సరిపడా బేరింగులు దొరికాయి, లోపలిది పెద్దది, బయటిది చిన్నది. ఒక్క చక్రానికే ఉన్నప్పుడు ఏ చక్రానికి వెయ్యాలి? గుమాస్తా చదువుకున్నవాడు కదా అని అచ్చయ్య ఎడమవైపుకే మొగ్గాడు.

మిల్లు సెలవునాడు బండిని ఇంటి ముందుకు తెచ్చి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు జాకీ ఎత్తాడు. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపి చూశాడు. కదల్లేదు. అయినా విప్పాడు. మధ్యలో ఉన్న మూత తీసి, పిన్ను లాగి, పెద్ద నట్టు తిప్పి, డ్రమ్మును మెల్లగా బయటికి గుంజాడు. బేరింగులు చేతిలోకి వచ్చాయి. అవి కూర్చునే ఉక్కు కప్పులను ఇత్తడి కడ్డీతో చుట్టూ కొద్దికొద్దిగా కొట్టి ఊడదీశాడు. అన్నిటినీ కిరసనాయిలులో కడిగి ఎండలో పెట్టి చూశాడు. ఎక్కడా చిన్న గీత కూడా లేదు.

ఇంత మంచి బేరింగులు మోత ఎట్లా పెడతాయి? బహుశా లోపం కంటికి కనబడదేమో అనుకున్నాడు. పాతవాటిని గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, కొత్తవాటికి గ్రీజు పట్టించి బిగించాడు.

మర్నాడు సేటును కూర్చోబెట్టుకుని సూర్యాపేట బయల్దేరాడు. ఊరు దాటాక సేటు అతని భుజం తట్టి గట్టిగా అడిగాడు.

"ఏం మార్చినవ్ అచ్చయ్యా? మోత ఎట్లున్నదో అట్లనే ఉన్నది గద."

ఎడమ చక్రానికి కొత్త బేరింగులు వేశానని అచ్చయ్య చెప్పాడు. చెయ్యని పనిని చేశానని చెప్పినట్టు సేటు తనను చూస్తున్నాడనిపించింది. ఆ రోజంతా ఆ చూపు అతన్ని వదల్లేదు.

ఆ సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, నాంచారమ్మను బండెక్కమన్నాడు. ఆమె ఎప్పుడూ ముందు సీట్లో కూర్చోలేదు. కొంగు బిగించి కూర్చుంది. త్రిపురారం వైపు కాలువ వెంట నడుపుతూ, మోత వస్తే చెప్పమన్నాడు.

పావు మైలు పోకముందే ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

"గింత మోగుతాంటే చెప్పమంటవేంది? నీకు ఇనవడ్తలేదా?"

అచ్చయ్య బండి ఆపాడు. నాంచారమ్మ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత ముఖం పొలాల వైపు తిప్పి ఏదో అంది. అతను పలకలేదు. మళ్లీ అంది. అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. ఆమె ఇటు తిరిగినప్పుడు ఆ కళ్లలో నీళ్లు ఎందుకు ఉన్నాయో అతనికి అర్థం కాలేదు.

"మా అమ్మకు పాణం బాగలేదు, పోయొస్త అని పొయ్యి కాడ కూసోని రెండు దినాలు అడిగిన. నువ్వు ఉలకలే, పలకలే. పోవద్దంటున్నవనుకున్న. మూడోనాడు అమ్మ పోయిందని కబురొచ్చె."

"ఎప్పుడడిగినవ్?" అన్నాడు అచ్చయ్య. "నేను ఇనలే నాంచారీ."

రెండేళ్ల కిందటి సంగతి అది. ఈ రెండేళ్లూ ఆమె అతని మీద కోపాన్ని కూడబెట్టుకుంది. ఇప్పుడు ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో ఆమెకు తెలియలేదు. చెయ్యని తప్పుకు ఏమని బతిమాలాలో అతనికీ తెలియలేదు. బండి రోడ్డు మీదనే నిలిచిపోయింది. వెనక వచ్చిన ఎడ్లబండివాడు దారి ఇమ్మని అరిచి అరిచి, చివరికి దిగి వచ్చి తలుపు కొట్టాడు.

బండి కదిలాక ఆమె కళ్లు తుడుచుకుని, ముఖం అతని వైపు తిప్పి గట్టిగా చెప్పింది. ఎడమకు మలిపితే మోత ఎక్కువైతోంది, కుడికి మలిపితే తగ్గుతోంది. అచ్చయ్య రెండు మూడు మలుపులు మళ్లీ తిప్పి చెప్పించుకున్నాడు. ఎడమకు మలిపితే మోగేది ఎడమ చక్రం కావాలి కదా అని మొదట తికమకపడ్డాడు. కానీ మలుపులో తమ ఒళ్లు ఎటు ఒరుగుతోందో చూసుకున్నాడు. ఎడమకు తిరిగినప్పుడు బరువంతా కుడివైపు పడుతోంది.

మర్నాడు పొద్దున్నే మిల్లుకు కబురు పంపి, ఇంటి ముందు కుడి చక్రం ఎత్తాడు. నాంచారమ్మను చక్రం తిప్పమని, తను స్ప్రింగు పట్టీ మీద అరచెయ్యి ఆనించాడు. ఇసుక కలిసిన గింజలు విసిరినప్పుడు తిరగలి పిడి వణికినట్టు చేతికి గరగర తగిలింది. ఎడమవైపూ ఎత్తి చూశాడు. అక్కడ ఏమీ లేదు. అతను చాలాసేపు అటూ ఇటూ చెయ్యి పెట్టి చూస్తూనే ఉన్నాడు.

కుడివైపు విప్పితే లోపలి బేరింగు రోలర్లు పొక్కిపోయి ఉన్నాయి. కప్పులోనూ గుంటలు పడ్డాయి. రెండు వైపులా ఒకే కొలత కాబట్టి, గుడ్డలో చుట్టిపెట్టిన మంచి బేరింగులను, వాటి కప్పులతో సహా ఇక్కడ దించాడు. నట్టు గట్టిగా బిగిస్తే చక్రం బరువుగా తిరుగుతోందని ఆమె అంది. కొద్దిగా వదులు చేసి, తిప్పి చూసుకుని, కొత్త పిన్ను వేశాడు.

తర్వాతి ప్రయాణంలో సేటు మోత లేదన్నాడు. అప్పుడు అచ్చయ్య బండిని పక్కకు ఆపి, తన చెవుల సంగతి చెప్పేశాడు. ఇన్నాళ్లూ వెనకనుంచి హారన్ కొట్టినవాళ్లందరూ సేటుకు గుర్తొచ్చారో ఏమో, నెమ్మదిగా నడపమని మాత్రం అన్నాడు. దవాఖానలో డాక్టరు చెవిలో నరాలు దెబ్బతిన్నాయనీ, పోయిన వినికిడి తిరిగి రాదనీ చెప్పాడు.

బండి తాళాలు అచ్చయ్యే ఇచ్చేశాడు. సేటు అతన్ని మిల్లు యంత్రాల దగ్గర పెట్టుకున్నాడు. ఆగకుండా తిరిగే ఇరుసుల దగ్గర అరచెయ్యి ఆనించి ఏ బేరింగు పోబోతోందో ముందే చెప్పేవాడు. కొన్నేళ్లకు కోదాడ నుంచి కూడా డ్రైవర్లు బండ్లు తెచ్చి, "జర చెయ్యి పెట్టి సూడు అచ్చన్నా," అని అడిగేవారు. డ్రైవరు పని పోయినందుకు బాధపడాలో, ఈ పని దొరికినందుకు సంతోషపడాలో అతనికి ఎన్నడూ తేలలేదు.

ఇంట్లో నాంచారమ్మ ఏం చెప్పాలన్నా అతని ఎదురుగా వచ్చి కూర్చునేది. ఒకసారి అతను, ఆ రెండేళ్లలో నువ్వు అడిగి నేను వినని మాటలు ఇంకేమున్నాయి అని అడిగాడు. ఆమె కొన్ని చెప్పింది. కొన్ని నిజంగా అడిగిందో, మనసులో అనుకుని ఊరుకుందో ఆమెకే గుర్తులేదు.