వైస్ ఛాన్సలర్ గారి ఉపన్యాసానికి నేను కరెంటు తీయించిన వైనం

వీధి నిండా జనం నన్ను తన్నడానికి నిలబడి ఉంటే, అది తెలియని మా వైస్ ఛాన్సలర్ గారు నా భుజం తట్టి మెచ్చుకున్న రోజొకటుంది. మీరు ఎంతైనా నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. చెమటే వచ్చింది.

అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అధ్యాపకుణ్ణి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. చదువు నాలుగు గోడల మధ్య మగ్గకూడదనీ, జనంలోకి వెళ్లి వాళ్లతో చేయి కలపాలనీ మా వైస్ ఛాన్సలర్ గారికి ఒక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనలు పెద్దవాళ్లకు వస్తాయి, వాటి ఏర్పాట్లు చిన్నవాళ్ల నెత్తిన పడతాయి. వేములవాడ దగ్గర మరమగ్గాల మీద బతికే ఓ చిన్న పట్నంలో తొలి సభ జరిపించే భారం నాకు దక్కింది.

ఆ వీధికి పెద్దలాంటి వాడు రాజమౌళి. సొంతంగా సాంచెలు నడుపుతాడు. అక్కడ మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆయన ముందే చెప్పాడు.

"సారూ, గీ వారం పెట్టకున్రి. బడిపిల్లల బట్ట ఆర్డరున్నది. గా రోజు పొద్దుమీకి లారీ వస్తది. ఎవలూ సాంచె ఇడిసిపెట్టి రారు."

"మా పెద్ద సారు తారీఖు ఇచ్చేసిండు, మార్చరాదు" అన్నాను. జనంతో చేయి కలపడం అంటే జనం మాట వినడం కూడానని నాకప్పటికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

సభ రోజు పొద్దున్నే షామియానా వేయించి, ఎందుకైనా మంచిదని జనరేటరు కూడా దింపించాను. కింద నేనూ, మైకతనూ, కుర్చీ నీడలో పడుకున్న ఒక మేకా ఉన్నాం. వీధి పొడుగునా టకటకమని సాంచెల మోత. మైకులో నేను "హలో" అంటే అది నాకే వినపడలేదు. బియ్యం మరలో చిలక పలుకుల్లా ఉంది నా పరిస్థితి. అంతలో వైస్ ఛాన్సలర్ గారి కారు వేములవాడ దాటిందని ఫోను వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాడు మల్లేశం. మా చిన్నాయన అల్లుడు, ఆ వీధికి లైన్‌మన్. ఫోను చేశాను.

"బావా, ఒక్క అరగంట కరెంటు తీయరాదా?"

"ఎందుకు బామ్మర్దీ, ఏమైంది?"

"మా పెద్ద సారు మాట్లాడుతడు. ఈ మోతల ఒక్క ముక్క వినరాదు."

"నా నౌకరి పోగొడ్తవా ఏంది?"

"ఎవలకూ చెప్ప. నీ మీద ఒట్టు."

"నా మీదెందుకు, నీ మీదనే పెట్టుకో" అని విసుక్కున్నాడు గానీ, ఒప్పుకున్నాడు.

కారు వచ్చి ఆగిన క్షణానే కరెంటు పోయింది. వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ వెంటనే ఇళ్లలోంచి జనం బయటికి రావడం మొదలైంది. బనియన్ల మీద దూది పోగులతో మగవాళ్లు, చేతుల్లో దారపు కండెలతో ఆడవాళ్లు. చూస్తుండగానే షామియానా నిండిపోయింది.

"ఎవడు తీసిండు కరెంటు?" అని అరుస్తున్నారు.

"నినాదాలు కూడా ఇస్తున్నారే" అని వైస్ ఛాన్సలర్ గారు మురిసిపోయి నా భుజం తట్టింది అప్పుడే.

రాజమౌళి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"వాడకట్టంత కరెంటు పోతె, నీ మైకు ఎట్ల నడుస్తది సారూ?"

"జనరేటరు."

"ముందుగాలనే తెచ్చినవా?"

"ముందు జాగ్రత్త."

"కరెంటు పోతదని నీకెట్ల ఎరుక?"

మైకతన్ని పిలుస్తున్నట్టు పక్కకు తిరిగాను. ఆ పాటికి మైకులో వైస్ ఛాన్సలర్ గారి గొంతు వినిపించింది. "ఇంత ప్రశాంతంగా మాట్లాడుకునే వీలు కల్పించిన మా యువ అధ్యాపకుణ్ణి అభినందిస్తున్నాను. వీధి మొదట్లో వినిపించిన ఆ మోత ఎలా ఆపాడో గానీ..."

జనమంతా నా వైపు తిరిగారు. రాజమౌళి నన్ను చూపిస్తూ వేదిక వైపు తిరిగి గట్టిగా అడిగాడు. "గీయననేనా ఆపిచ్చింది?"

"అవును, ఈయనే" అన్నారు వైస్ ఛాన్సలర్ గారు గర్వంగా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నా విషయంలో కరెంటు తీయించనేల, కాళ్లు పట్టుకోనేల. "తప్పయింది, ఇప్పుడే వేయిస్త" అంటూ మల్లేశానికి ఫోను చేశాను. స్విచ్చాఫ్. మళ్లీ చేశాను. స్విచ్చాఫ్. జనం ఇంకో అడుగు ముందుకు వేశారు. అతని భార్యకు, అంటే మా చిన్నాయన కూతురికి చేస్తే అసలు సంగతి తెలిసింది.

"వేములవాడకు పోయిండన్నా. సార్లు మైకు పడితె జల్ది ఇడుస్తరా, అంతట్ల మొక్కు తీర్చుకొనొస్త అన్నడు. ఫోను బయట ఇచ్చి గుడి లోపటికి పోయినట్టున్నడు."

"మరి ట్రాన్స్‌ఫార్మరు ఫీజులు?"

"ఎవలన్న మళ్ల పెడ్తరని సంచిల ఏసుకపోయిండు."

ఈ మాట వాళ్లకు ఎలా చెప్పానో నాకు గుర్తు లేదు. చెప్పాక వచ్చిన అరుపులు మాత్రం గుర్తున్నాయి. ఇద్దరు కుర్రాళ్లు నా కాలర్ పట్టుకున్నారు. ఒకడు మోటార్ సైకిలెక్కి మల్లేశం కోసం వేములవాడకు దౌడు తీశాడు. సాయంత్రం లారీకి బట్ట అందకపోతే ఆర్డరు ఇంకొకరికి పోతుంది. ఇన్ని ఇళ్ల పని పోయేది నా వల్ల. ఆ సంగతి అప్పుడు గానీ నా బుర్రకు ఎక్కలేదు.

వైస్ ఛాన్సలర్ గారికి ఇప్పుడు అర్థమైంది. ముఖం పాలిపోయింది. "దయచేసి అరవకండి" అన్నారు మైకులో.

కండెలు చుట్టే లక్ష్మవ్వ ముందుకొచ్చి, నా కాలర్ మీది చేతులు విడిపించింది. తర్వాత ఆయనతో, "మేం అరుస్తలేం సారూ. మా మాటనే గింత గట్టిగుంటది. సాంచెల నడుమ ఉండి ఉండి చెవులు పోయినయ్. నువ్వు చెప్పేది గూడ నాకు వినొస్తలేదు" అంది.

ఆయన మైకు పక్కన పెట్టి, దిగివచ్చి, లక్ష్మవ్వ ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. "ఇంట్లో పిల్లలు ఎట్లా చదువుకుంటారమ్మా?" అని ఆమె చెవి దగ్గర అడిగారు.

"ఏడ చదువుతరు సారూ. పరీక్షలొస్తె గుడి మెట్ల మీద కూసుంటరు."

పక్కావిడ అందుకుంది. రాజమౌళి మొదట ముఖం తిప్పుకున్నాడు గానీ, తర్వాత తనకూ ఒక చెవి పనిచేయడం లేదని ఒప్పుకున్నాడు. నన్ను తన్నే కార్యక్రమం వాయిదా పడింది. పిల్లలకు మోత వినపడని చోట ఒక చదువుల గది, సాయంత్రాలు వచ్చి చెప్పడానికి మా విద్యార్థులు, అందరికీ చెవుల పరీక్ష. ఇవన్నీ అక్కడే మాట్లాడుకున్నారు. ఇంకో మాట రాజమౌళి పెట్టాడు. ఈసారి ఎప్పుడు రావాలో తామే చెబుతారట.

మోటార్ సైకిల్ వెనక కూర్చుని మల్లేశం వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. దానివల్ల అతణ్ణి పోల్చుకోవడానికి జనానికి కాస్త ఆలస్యమైంది, లేకపోతే రెండు దెబ్బలు పడేవి. కరెంటు వచ్చింది. నేను పశ్చాత్తాపంతో కండెలు చుట్టడానికి కూర్చుంటే, తెగిన దారాలు చూసి లక్ష్మవ్వ చేతులు జోడించింది. "నువ్వు జర లేసి పక్కకు కూసో కొడుకా, మా పని జల్ది అయితది."

లారీ డ్రైవర్‌కు రాజమౌళి ఇంట్లో భోజనం పెట్టి, కబుర్లు చెప్పి ఆపారు. బట్ట ఎక్కాకే లారీ కదిలింది. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు.

తిరుగు ప్రయాణంలో వైస్ ఛాన్సలర్ గారు నన్ను తన కార్లోనే ఎక్కించుకున్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. కరీంనగర్ పొలిమేరలో గొంతు సవరించుకున్నారు.

"జనం మాత్రం బాగా వచ్చారయ్యా. వచ్చే నెల మెట్‌పల్లిలో సభ. అక్కడ నీకు చుట్టాలెవరైనా ఉన్నారా?"

"లేరు సార్" అన్నాను. మా మేనత్తది మెట్‌పల్లే.

ఆ రోజే గంభీరంగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో ఇక ఏ స్విచ్చూ వేయను, తీయను, ఎవరి చేతా తీయించను. ఇప్పటికీ మా ఇంట్లో ఫ్యాను మా ఆవిడే వేస్తుంది. ఆమె పుట్టింటికి వెళితే విసనకర్ర వాడుకుంటాను.