కొమురమ్మ పండించిన ఎర్ర పుట్టకొక్కు

సైదాబాద్‌లో మా మందుల షాపు వెనక సందులో బాలనర్సింహ పాల కొట్టం ఉండేది. మేము రేపల్లె నుంచి వచ్చి 1989లో షాపు తెరిచేనాటికి అందులో పదకొండు గేదెలున్నాయి. సందులో వాళ్ళు బర్రెలనేవారు, నేను గేదెలనేవాణ్ణి. ఆ మాట మీద నన్ను ఆటపట్టించని రోజు లేదు. బాలనర్సింహ భార్య కొమురమ్మ. చదివింది ఏడో తరగతి. పొడుగ్గా, ఎముక పుష్టిగా ఉండేది. ఎవరేం చెప్పినా ముందు ఓ నిమిషం ఊరుకుని, తర్వాత ఒక్క ప్రశ్న వేసేది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మాకు నాలుగు నిమిషాలు పట్టేది.

ప్యాకెట్ పాలు వచ్చాక కొట్టం పల్చబడింది. 1997 నాటికి రెండే గేదెలు మిగిలాయి. బాలనర్సింహ దిగులుతో గుమ్మంలో కూర్చునేవాడు. కొమురమ్మకు కూర్చోవడం చేతకాదు. పాలు పోయించుకునే ఒకావిడ, రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో మూడు రోజులు పుట్టగొడుగుల పెంపకం నేర్పుతున్నారని చెప్పిందట. ఆ సంగతి ఇంట్లో ఎత్తితే బాలనర్సింహ నవ్వాడు.

"వానకాలం వచ్చిందంటె వాటంతటవే మొలుస్తయి. పుట్టకొక్కులకు చదువెందుకే?"

"బర్రెలు గూడ వాటంతటవే ఈనుతయి. మరి నువ్వెందుకు కాపలా పండుకుంటివి?" అని చీర మార్చుకుని బస్సెక్కింది.

తిరిగొచ్చి, ఖాళీ అయిన సగం కొట్టానికి సున్నం కొట్టించింది. వరిగడ్డి నానబెట్టి, ఉడకబెట్టి, ప్లాస్టిక్ కవర్లలో కూరి, మధ్యమధ్యలో జొన్నల మీద పెరిగిన విత్తనం చల్లి వేలాడదీసింది. ఇరవై రోజులు దాటాక ఆ కవర్ల నుంచి తెల్లటి చెవుల్లాంటివి పొడుచుకొచ్చాయి. పంట బ్రహ్మాండంగా వచ్చింది. కొనేవాళ్ళే లేరు. కుక్కగొడుగులు తిని చస్తామా అని ఆడవాళ్ళంతా ముక్కు మీద వేలేసుకున్నారు.

కొమురమ్మ వాదించలేదు. పొద్దున్నే సందులోకి పొయ్యి తెచ్చి, అందరూ చూస్తుండగా ఉల్లిగడ్డ, కారం వేసి వేయించి, పళ్ళెం నిండా తిన్నది. "పొద్దు గూకేదాంక ఈడనే కూసుంట. నాకేమన్న అయితె మందుల సారు పక్కనే ఉన్నడు" అంది. ఆ రోజు నేను మూడుసార్లు బయటికొచ్చి చూశాను. మూడుసార్లూ ఆమె బియ్యం ఏరుకుంటూ కనిపించింది. మర్నాడు ఆరుగురు కొన్నారు. రెండేళ్ళకల్లా బహదూర్‌పురాలో ఒక హోటలు వాళ్ళు కూడా ఆమె దగ్గరే తీసుకునేవారు.

ఇక 2004 సంగతి చెప్పాలి. ఇందులో నా తప్పుంది, కాబట్టి నేనే చెప్పాలి.

ఆ ఏడు రఘురామ్ అనే కుర్ర సేల్స్‌మన్ మెడకు టై కట్టుకుని మా షాపుకొచ్చాడు. చేతిలో ఎర్ర డబ్బాలు. గానోడెర్మా అనే ఎర్ర పుట్టగొడుగు క్యాప్సూళ్ళు. చైనా, జపాన్లలో రాజులు వాడిన మందన్నాడు. షుగరు, బీపీ, మోకాళ్ళు, నిద్ర అన్నింటికీ ఇదొక్కటే చాలన్నాడు. ఫార్మసీ చదివిన వాణ్ణి, డబ్బా తిప్పి వెనక ఏముందో చదవాల్సింది. చదవలేదు. అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టాను.

బాలనర్సింహకు అప్పటికి నాలుగేళ్ళుగా షుగరు. ఇంట్లో చెప్పకుండా ఒక డబ్బా కొన్నాడు. ఇచ్చింది నేనే. ఇది వేసుకుంటే మిగతా గోళీలు అక్కర్లేదని రఘురామ్ అన్న మాట పట్టుకుని షుగరు మాత్రలు మానేశాడు. పన్నెండో రోజు పాల క్యాను ఎత్తబోయి కళ్ళు తిరిగి పడిపోయాడు. షుగరు విపరీతంగా పెరిగిపోయిందని డాక్టరు కేకలేశాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి, ఎప్పటి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాక కోలుకున్నాడు.

అతను ఇంటికొచ్చిన మర్నాడు ఉదయం కొమురమ్మ మా షాపుకొచ్చింది. ఆ సమయానికి రఘురామ్ కూడా అక్కడే ఉన్నాడు. పెద్ద లొల్లి అవుతుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"సారూ, టింక్చర్ అయోడిన్ ఒక సీసా ఇయ్యుర్రి."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా అక్కా?"

"తగిలింది నిజమే గని, ఇది దానికి గాదు."

కౌంటరు మీద మూడు కాగితాలు పరిచింది. మొదటి దాని మీద చిటికెడు జొన్నపిండి వేసింది. రెండో దాని మీద తన కొట్టంలో ఎండబెట్టిన పుట్టకొక్కును నలిపి పెట్టింది. మూడో దాని మీద ఎర్ర డబ్బాలోంచి ఒక క్యాప్సూల్ తీసి, విప్పి, పొడి పోసింది. కూతురు నందిని పదో తరగతి సైన్సు పుస్తకంలో చదివిన పరీక్ష అది. పిండి పదార్థం ఉన్నచోట అయోడిన్ నల్లబడుతుంది. నాకు తెలిసిందే. నాకే తట్టలేదు.

మూడింటి మీదా ఒక్కొక్క చుక్క వేసింది. జొన్నపిండి నల్లటి నీలంగా మారింది. ఆమె పుట్టకొక్కు పొడి మీద చుక్క గోధుమ రంగులోనే నిలిచింది. క్యాప్సూల్ పొడి జొన్నపిండిలాగే నల్లబడింది.

"రఘురామ్ బాబూ" అంది కొమురమ్మ. "నేను ఏడేండ్ల సంది వీటిని పెంచుతున్న. విత్తనం జొన్నల మీద తయారు చేస్తరు. తెల్లటి దారాలు జొన్నలంత అల్లుకుంటయి. గొడుగు మొల్వకముందే ఆ జొన్నల్నే ఎండబెట్టి దంచితె గిట్లనే ఉంటది. నీ డబ్బాల గొడుగు ఎంతున్నదో నాకు తెల్వదు. పిండి మాత్రం మస్తున్నది."

రఘురామ్ డబ్బా చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "నాకు తెలియదండీ. ట్రైనింగులో మాకివేవీ చెప్పలేదు" అన్నాడు.

"తెల్వకపోతె తెల్వదను, తప్పు లేదు. తెల్వకుండనే షుగరు గోళీలు ఆపుమంటివి చూడు, తప్పు గదీ."

తర్వాత నా వైపు తిరిగింది. "మీరు చదువుకున్నోళ్ళు సారూ. మీరడగాలె." అంతే అంది. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నన్ను అంతగా కోసిన మాట ఇంకోటి లేదు. బీరువాలో ఉన్న డబ్బాలన్నీ ఆ పూటే తీసి రఘురామ్ చేతికిచ్చేశాను. నాలుగు నెలల తర్వాత అతను ఆ ఉద్యోగం మానేసి కొరియర్ ఆఫీసులో చేరాడని విన్నాను. వెళ్ళేముందు కొట్టానికి వచ్చి బాలనర్సింహను పలకరించి వెళ్ళాడు.

ఎర్ర పుట్టకొక్కు పేరెత్తితే కొమురమ్మ మండిపడుతుందని అనుకున్నాను. వారం తిరక్కుండానే ఆమే వచ్చి అడిగింది. "మరి అసలుది ఎట్లుంటది సారూ? చూడాలె."

నందినిని తీసుకుని రాజేంద్రనగర్ వెళ్ళి, తనకు నేర్పిన శాస్త్రవేత్తను పట్టుకుంది. ఆయన ఒక గాజుబుడ్డిలో ఆ జాతి విత్తనం ఇచ్చాడు. ఇది గడ్డి మీద కాదు, కర్ర మీద పెరిగే రకం. పాతబస్తీలో తలుపులు చేసే వడ్రంగుల దగ్గర రంపపు పొట్టు బస్తాలకెత్తుకొచ్చి, తవుడు కలిపి, ఆవిరి మీద ఉడికించి కవర్లు కట్టింది. మొదటిసారి అన్నీ పచ్చబూజు పట్టాయి. రెండోసారీ అంతే. మూడోసారి మొలకలు వచ్చాయి కానీ, గొడుగులు విప్పుకోకుండా జింక కొమ్ముల్లా సన్నగా సాగిపోయాయి. వాటి ముందు పీట వేసుకుని రెండు రోజులు చూసింది. చలిగాలి తగలకూడదని తాను మూసిన కిటికీయే తప్పేమో అనిపించి, రోజూ కాసేపు తెరవడం మొదలుపెట్టింది.

2006 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం బాలనర్సింహ పరుగెత్తుకొచ్చాడు. "సారూ, షాపు బంద్ పెట్టుర్రి, జెల్ది రార్రి!"

వెళ్ళి చూద్దును కదా, కొమ్ముల చివర్లు విసనకర్రల్లా విచ్చుకున్నాయి. వార్నిష్ వేసిన కొత్త తలుపులాగా ముదురు ఎరుపుతో నిగనిగలాడుతున్నాయి. అంచుకు మాత్రం సన్నటి తెలుపు, పసుపు. కొమురమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పచ్చబూజు పట్టిన కవర్లన్నీ ఆమె ఒక్కతే మోసి పారబోసింది. ఆ చేతుల్ని చూస్తే నా ఛాతీ ఉప్పొంగింది.

అప్పట్నుంచి మా షాపులో ఎవరు పుట్టగొడుగు మందు అడిగినా, ముందు కొమురమ్మతో మాట్లాడమని పంపేవాణ్ణి. ఒకసారి నాగమణమ్మ గారు వచ్చారు. మా కోస్తా వైపు ఆవిడే, సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను.

"ఏమమ్మా, ఇది తాగితే నా మోకాళ్ళ నొప్పులు పోతాయా?" అని అడిగారు.

"పోతయని నేను జెప్పనమ్మా. దీని మీద ఇంకా పరీక్షలు జేస్తున్నరంట, తేలింది తక్కువ. ఒంటికి మంచిదని శానా దేశాలల్ల తాగుతరు, గంతే. ఎండిన ముక్క రెండు గ్లాసుల నీళ్ళల్ల ఏసి ఒక గ్లాసయ్యేదాంక మరగబెట్టాలె. యాపాకు లెక్క చేదుంటది. మొదట సగం గ్లాసే తాగుర్రి, వారం చూడుర్రి. ఆ వారంల ఇంకో కొత్త మందు మొదలుపెట్టొద్దు. లేకుంటె కడుపుల గడబిడైతె దేనితోని అయిందో తెల్వదు. దద్దుర్లు గిట్ల వస్తె ఆపెయ్యాలె. ఇప్పుడేం గోళీలు ఏస్కుంటున్నరు?"

నాగమణమ్మ గారు సంచిలోంచి మందుల చీటీ తీశారు. నేను చదివాను. అందులో రక్తం పల్చబడే మాత్ర ఉంది.

"అయితె మీకియ్యనమ్మా" అంది కొమురమ్మ. "గా గోళీతోని ఇది పడకపోవచ్చు. డాక్టరు సరే అంటె అప్పుడు రార్రి."

"కొనేవాళ్ళని తిప్పి పంపే వ్యాపారం ఎక్కడా చూడలేదమ్మా" అన్నారు నాగమణమ్మ గారు. డాక్టరు వద్దన్నారట. అయినా ప్రతి వారం వచ్చి, కూరకు తెల్ల పుట్టగొడుగులు తీసుకెళ్ళేవారు.

2008లో రాజేంద్రనగర్ వాళ్ళు కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళ ముందు మాట్లాడమని కొమురమ్మను పిలిచారు. జల్‌పల్లి కొత్త కాలనీల నుంచి వచ్చినవాళ్ళే సగం మంది. బాలనర్సింహ ఉతికిన తెల్ల ధోవతి కట్టుకుని నన్నూ లాక్కెళ్ళాడు. వెనక వరసలో కూర్చున్నాం. కొమురమ్మ మైకు దగ్గర ఓ నిమిషం ఊరుకుంది. తర్వాత, "ముందుగాల నా కవర్లు ఎట్ల ఖరాబైనయో చెప్తా" అని మొదలుపెట్టింది. పచ్చబూజు గురించి, మూసిన కిటికీ గురించి, ఆసుపత్రి పాలైన మొగుడి గురించి కూడా దాచకుండా చెప్పింది. గంట గడిచినా ఎవరూ కదల్లేదు.

బాలనర్సింహ పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషిని మోచేత్తో పొడిచి, "గా మాట్లాడేది మా ఇంటామె" అన్నాడు. కాసేపటికి ముందు వరస ఆయన భుజం తట్టి అదే మాట చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. నా ఇటుపక్కన కూర్చున్నాయన ఎవరండీ ఈవిడ అని అడిగేసరికి, నేనూ వెన్ను నిటారుగా పెట్టి చెప్పాను: "మా సందులోనే ఉంటారండీ."