వానకు పలికిన మలుపు

ఈనాడు మా పొరుగింట పెద్దకర్మ. పోయినవారు ఇంటిని విడిచి పితృదేవతల వరుసలో చేరే దినమిది. తొలివానకు ఒక పూట ముందు కాలధర్మం చెందిన మా దీవిలోని లంబాలైన్ పేట రోడ్ల ఇంజనీరును తలచుకొని ఈ నాలుగు మాటలు.

ఉద్యోగం ముగిసినా ఆయనకు ఒకటే ధ్యాస: బతు బస్తీకి దిగే వాలులోని మలుపు. ఏటా వాన అక్కడి తారును కంకరనుండి ఒలిచివేసేది. అలా లేచిన కంకర మీదే స్కూటరు జారి ఆయన భార్య కాలు విరిగింది. ఆమె నేటికీ కుంటుతూనే నడుస్తారు.

ఆయన పెరట్లో కొబ్బరిపీచు ఆరబెట్టి, చిక్కుతీసి, పొట్టిగా కత్తిరించేవారు.

“నా తల ఏనాడైనా ఇంత శ్రద్ధగా చూశారా? పీచుకేమో దువ్వెనా!” అనేవారు ఆవిడ.

“సాబ్ రోడ్డుకి జడ వేస్తార్లే దీదీ!” అని గోడ అవతలినుండి ఆటో నడిపే కుర్రవాడు నవ్వేవాడు.

సున్నంపొడి కలిస్తే తడిలోనూ తారు రాయిని వదలదనీ, పీచు కలిస్తే వేడితారు రాళ్లమీదినుండి కారిపోదనీ ఆయనే నాకు బోధించారు. తాటాకుల గ్రంథంలో దారం వంటిదన్నమాట ఆ పీచు. పాత శాఖవారిని ఒప్పించి చేయించిన తొలిసారి కంకర మితిమీరి కాగి పీచంతా మాడింది. వాలంతా చితివాసన కమ్మింది. మరుసటిసారి వేడి తగ్గించి, తారు పోయకముందే పీచును కంకరలో కలిపించారు.

వాన వెలిశాక చేతికర్రతో రోడ్డును తట్టి, చెవి వంచి వినడం ఆయన అలవాటు. “నీరు దూరితే డొల్లగా పలుకుతుంది మాస్టారూ. పట్టుంటే గట్టిగా పలుకుతుంది.” వేసవిలో ఆ మలుపును అలా కొత్తగా పరిచారు. ఆపైన మంచం పట్టారు. “ఒక్క వాన వెలిశాక తట్టిచూస్తే చాలు” అన్నదే చివరి కోరిక.

పాడె లేచేటప్పుడు ఆవిడ ఆ కర్రను ఆయన పక్కన ఉంచి, “అన్నయ్యగారూ, దింపుడుకళ్లం దగ్గర చెవిలో పేరు పిలవకండి. రోడ్డు నిలిచిందో లేదో చెప్పండి” అన్నారు నాతో.

సగం దారిలో పాడె దింపి, ప్రాణం మిగిలి ఉంటే పలుకుతుందని చెవిలో పిలిచే ఆచారం మనది. దింపింది ఆ మలుపులోనే. అప్పటికి కుంభవృష్టి కురిసి వెలిసింది, పట్టపగలే చీకటి. ముందు నడిచే నిప్పుకుండలో కొబ్బరిపీచు రాజుకొని, నాటి మాడువాసనే మళ్లీ కమ్ముకుంది. వంగి చూశాను. ఒక్క రాయి కదలలేదు.

“నిలిచింది నాయనా” అన్నాను ముమ్మారు.

టక్. టక్. టక్.

గట్టిగా, మా ముందరనుండి, వాలు దిగిపోతూ చప్పుడు. దారిలో ఎవరూ లేరు. పాడె మోసుకొచ్చిన ఆటో కుర్రవాడి మొహం పాలిపోయింది. “అరే, కర్ర ఇక్కడే ఉంది కదా మాస్టర్‌జీ!”

ఉంది. ఆయన పక్కనే, తడిసి.

ఆ వాలు దిగే పిల్లలారా, మీ చక్రాలు ఏనాడూ జారకుండుగాక! వాన వెలిశాక ఆ మలుపులో కర్ర చప్పుడు వినబడితే బెదరకండి. అది గట్టిగా పలికినంత కాలం నిశ్చింతగా సాగిపోండి.