ఒట్టు వేయని చెయ్యి

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను మొదట అన్న మాట, "ఎవరు చూసి చెప్పారు?"

"నానే సూసినాను అప్పా. పొద్దున్న టీ తాగినాది, గ్లాసు కడిగి బోర్లించినాది, వరండాలో కుర్చీలో కూకున్నాది. అంతే. డాక్టరు కూడా వచ్చి ఎల్లినాడు."

"ఏ డాక్టరు?" అన్నాను.

ఎనభై ఎనిమిదేళ్ల మనిషి పోయిందంటే రుజువులు అడిగే అక్క నేనొక్కదాన్నే ఉంటాను. తప్పు నాదే. ముప్పై ఏళ్లు క్లాంగ్ రేవులో సరుకు కాగితాలు సరిచూసే ఉద్యోగం చేశాను. కాగితంలో ఒకటి, పెట్టెలో ఇంకొకటి ఉండడం రోజూ చూసిన దాన్ని. అలాగని అంతా ఉద్యోగం మీదకు నెట్టేయడం కూడా అన్యాయం. అనుమానం నాకు చిన్నప్పటి నుంచే ఉంది. నేను మొట్టమొదట అనుమానించిన మనిషి మా అత్తే. అందుకే ఆవిడ గురించి ఈ నాలుగు మాటలు రాయడానికి నేను తగుదునో కాదో, చదివి మీరే చెప్పాలి.

మెర్డెకాకు, అంటే ఈ దేశానికి స్వాతంత్ర్యం రావడానికి, రెండేళ్ల ముందు మాట. కువాలా సెలంగోర్ దగ్గర రబ్బరు తోటలో మావాళ్లంతా పాలు గీసే రోజులు. అత్త దొరగారి బంగళాలో పిల్లల్ని చూసుకునేది. పద్దెనిమిదేళ్లు. దొర సెలవు మీద ఇంగ్లాండు వెళుతూ, పిల్లల కోసం ఆవిడను ఓడలో వెంట తీసుకువెళ్లాడు. అక్కడ ఎండాకాలంలో రెండు వారాలు దొర కుటుంబమంతా ఒక సముద్రపు ఊళ్లో సెలవు గడిపింది, అత్త కూడా వాళ్లతోనే ఉంది. ఇదీ ఆవిడ చెప్పిన కథ. ఆరు నెలలు ఆవిడ తోటలో లేదన్నది మాత్రం అందరికీ తెలుసు. మిగతాదానికి రుజువు లేదు. దొరకు పినాంగ్‌లో సముద్రం పక్కన ఇంకో బంగళా ఉందని, ఆరు నెలలూ అత్త అక్కడే ఉందని కూలీల ఇళ్ల లైన్లలో చెప్పుకునేవారు. పెళ్లి కాని పిల్లను అక్కడ ఎందుకు ఉంచారో కూడా చెప్పుకునేవారట, పిల్లల ముందు కాదు. రెండు సంబంధాలు వచ్చి వెనక్కి వెళ్లాయి. ఆ తర్వాత ఎవరూ రాలేదు. అత్త అమ్మడానికీ కొనడానికీ ఏమీ లేని మనిషి. ఉన్నది ఒక్క మాట. ఆ మాట ఎవరూ నమ్మలేదు.

నమ్మేలా చెప్పడం కూడా ఆవిడకు రాదు. ఆ ఊరి పేరేమిటని అడిగితే, "ఊరు పేరు నాకెవులు సెప్తారే? సముద్రం పేరు సముద్రమే" అనేది. అక్కడ ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువట. జనం కోట్లు వేసుకుని, గుడ్డ కుర్చీల్లో కూర్చుని, నీళ్లలోకి దిగకుండా నీళ్లకేసి చూస్తారట. పిల్లలు దిగితే పెదాలు నేరేడు పండ్లలా అయిపోతాయట. గాడిదలెక్కి తిరగడానికి వరసలో నిలబడతారట. అత్తకు దొరసాని బూట్లు కొనిస్తే అవి కరిచాయని, మేజోళ్ల మీద తోటలో వేసుకునే కట్టె చెప్పులే వేసుకుందట. చెక్క అడుగు, పైన పాత టైరు ముక్క పట్టీ. అవి మెట్ల మీద టక్కుటక్కుమంటుంటే, వాళ్లు దిగిన ఇంటి యజమానురాలు చీపురు పట్టుకుని పైకి వచ్చిందట.

ఇక్కడిదాకా ఎవరైనా సర్దుకునేవారే. ఎవరికీ మింగుడుపడనిది దొర సంగతి. పొద్దున్న తిండి కాగానే ఆ యజమానురాలు అందరినీ బయటికి పంపి తలుపేసేసేదట. సాయంత్రం ఐదు దాకా వాన పడినా లోపలికి రానివ్వదట. ఒకరోజు దొర భోజనాల గంటకు ఆలస్యంగా వస్తే, ఆవిడ నలుగురిలో చీవాట్లు పెట్టిందట. దొర తల దించుకుని, "సారీ" అని, చల్లారిన చారు తాగాడట. తోటలో ఆ దొర కేకేస్తే రబ్బరు పాలు గిన్నెల్లో గడ్డకట్టేవని మా నాన్న అనేవాడు. మావాళ్ల లెక్కలో దొర ఎక్కడున్నా దొరే. అతను ఇంకొకరి ఇంట్లో అద్దెకుండి, ఒక ఆడమనిషికి భయపడ్డాడంటే అది అబద్ధమే అయ్యుండాలి.

"తాడిని తన్నేవోడుంటే ఆడి తల తన్నేవోడు ఉండడేటి?" అనేది అత్త, నింపాదిగా.

స్కూలు సెలవులకు నేనూ తమ్ముడూ ఆవిడ దగ్గరికి వెళ్లేవాళ్లం. మాకు కూడా అదే పద్ధతి. పొద్దున్న తిండి పెట్టి, ముగ్గురం బయటికి వచ్చాక తలుపుకు తాళం వేసి, బస్సెక్కించి సముద్రానికి తీసుకువెళ్లేది. బస్సులో ఒళ్లో ఒక ఫ్లాస్కు, గుడ్డు పెట్టిన రొట్టె, మన ఎండలో ఒక ఉన్ని స్వెట్టరు. మా సముద్రం బురద సముద్రం. నీళ్లు వెనక్కి పోతే కనుచూపు మేర బురదే. దాని ముందు స్వెట్టరు ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ కూర్చునేది. వాన పడితే, "తడుస్తాం. ఎండ కొడితే ఆరుతాం. సెలవంటే అదే" అనేది. నీళ్ల దగ్గరికి చెప్పులతో వెళ్లనిచ్చేది కాదు. గంగమ్మ కదా. పది అడుగులు ముందే విప్పి, జత చేసి, మొహాలు ఊరివైపు తిప్పి పెట్టాలి. తిరిగొచ్చేటప్పుడు కాలు వెతుక్కోకుండా ఎక్కాలట. తర్వాత నీళ్లు తాకి కళ్లకద్దుకోవాలి. ఇంత శ్రద్ధగా సెలవు గడిపే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడైతే అది తలుచుకుని ఆవిడకు దణ్ణం పెట్టుకుంటాను. అప్పుడు మాత్రం ఆవిడ కథలో బొక్కలు వెతుకుతూ ఉండేదాన్ని.

నాకు పదకొండేళ్లప్పుడు మా చిన్నాన్న పెళ్లి. ముందురోజు ఆడవాళ్లంతా వరండాలో కూరగాయలు తరుగుతున్నారు. ఎవరో కావాలనే కదిపితే అత్త దొర తల దించుకున్న కథ మొదలుపెట్టింది. పెళ్లికూతురు తరఫు పెద్దావిడ ఒకావిడ, "దొర తల దించినాడా? కొయ్యి, కొయ్యి, ఆనపకాయతో పాటు అదీ కొయ్యి" అంది. అందరూ నవ్వారు. నేను లేచి వెళ్లి, అత్త కుడిచెయ్యి పట్టుకుని నా నెత్తిన పెట్టుకున్నాను.

"నా తల మీద ఒట్టేసి సెప్పత్తా. నిజంగా ఎల్లినావా?"

అత్త కాలే పెనం తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

"సూసినారా?" అంది పెద్దావిడ. అత్త కత్తిపీట ముందుకు లాక్కుని మళ్లీ తరగడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ఇంగ్లాండు సముద్రం గురించి ఆవిడ నోరెత్తలేదు. మమ్మల్ని సముద్రానికి తీసుకువెళ్లడం మాత్రం మానలేదు. ఫ్లాస్కు వచ్చేది, స్వెట్టరు వచ్చేది, కథ వచ్చేది కాదు. నేను గెలిచాననుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత, కంటి పరీక్షకు నా కారులో తీసుకువెళుతూ అడిగాను, ఆ రోజు ఒట్టు ఎందుకు వేయలేదని. ఆవిడ కిటికీలోంచి పామ్ తోటలు చూస్తూ చెప్పింది.

"మా అమ్మ ఒకపాలి ఒట్టేసినాదే. కంగాణీ మేస్త్రీ ముందు, రబ్బరు పాలు దొంగిలించలేదని, నా సిన్న తమ్ముడి తల మీద సెయ్యేసి. నిజమే సెప్పినాది. ఆ గుంటడు ఆ వానలు దాటలేదు. నిజమైనా బిడ్డ తల మీద పెట్టకూడదు. బరువు."

"మరి నిన్ను అబద్ధాలకోరు అనుకున్నారుగా?"

"అనుకోనీ. నీకేటీ కాలేదు గదా?"

ఇది విని నేను ఏమనుకున్నానో దాచను. సాకు బాగానే కుదిరింది అనుకున్నాను. ఇరవై ఏళ్లు ఆలోచించుకుని చెప్పిన మాటలా ఉంది అనుకున్నాను. అలాంటి మనిషిని నేను.

అత్త పోయిన రెండోరోజు ఆవిడ గుర్తింపు కార్డు కోసం బిస్కెట్ డబ్బా తెరిస్తే, అడుగున ఒక ఫోటో దొరికింది. గులకరాళ్ల ఒడ్డు. గుడ్డ కుర్చీల్లో కోటు వేసుకున్న తెల్లాయన, తలకు గుడ్డ కట్టుకున్న తెల్లావిడ, ముందు బూట్లతోనే కూర్చున్న ఇద్దరు పిల్లలు. ఫోటో చేతులు మారింది.

"అత్త లేదు గదా ఇందులో," అన్నాడు తమ్ముడు.

"దొరసాని ఇచ్చుంటాది. ఇది సూసే కతలల్లుంటాది," అంది మరదలు, జాలిగానే.

నేనూ అదే అనుకున్నాను. కానీ పినాంగ్‌లో కోటు వేసుకుని సముద్రం ముందు కూర్చునే వెర్రివాడు ఉండడు. కనక ఆ ఒడ్డు ఇంగ్లాండుదే. కళ్లద్దాలు తుడుచుకుని, రేవులో చూసినట్టు అంచుల నుంచి చూసుకుంటూ వచ్చాను. కింద ఎడమ మూల, వాళ్లందరికీ దూరంగా, రాళ్ల మీద ఒక కట్టె చెప్పుల జత ఉంది. టైరు పట్టీ. జత చేసి, సముద్రానికి వీపు పెట్టి, మొహాలు ఊరివైపు తిప్పి ఉన్నాయి. ఫోటోలో నలుగురి కాళ్లకూ బూట్లున్నాయి. ఆ చెప్పులు విప్పిన మనిషి కెమెరా పట్టుకుని ఎక్కడో ఉత్త కాళ్లతో నిలబడి ఉంది.

ఫోటో తమ్ముడికిచ్చి వేలితో చూపించాను. వాడు చాలాసేపు చూసి, దాన్ని కళ్లకద్దుకున్నాడు. నాకు ఆ వరండా, ఆ నవ్వులు, నా నెత్తి మీంచి జారిపోయిన ఆ చెయ్యి గుర్తొచ్చి సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆవిడ తన పరువు వదులుకుని నా తలను కాచింది. నేను దాన్ని రుజువుగా తీసుకున్నాను, ఆవిడకు వ్యతిరేకంగా.

మూడోరోజు పొద్దున్నే అస్థికలు తీసుకుని అదే బురద సముద్రానికి వెళ్లాం. తమ్ముడి మనవరాలు, ఏడేళ్లది, నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడడం సగం సగమే, మిగతా సగం మలయ్.

"మామ్మా, పెద్ద మామ్మ ఇంగ్లాండ్ ఎల్లినాదా? బెతుల్ కా?"

"నిజంగానే ఎల్లినాది."

"ప్రామిస్?"

నా కుడిచెయ్యి దానంతటదే లేచి దాని తలవైపు వెళ్లింది. జుట్టు తగిలేలోపు వెనక్కి లాక్కున్నాను.

"ప్రామిస్ లేదు. ఎల్లినాది, అంతే," అన్నాను.

పిల్ల నన్ను అనుమానంగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. పది అడుగుల ముందు అందరం చెప్పులు విప్పాం. తమ్ముడు కుండతో నీళ్లలోకి దిగాడు. పిల్ల నాలుగు అడుగులు వేసి ఆగి, వెనక్కి పరిగెత్తి, సముద్రంవైపు మొహం పెట్టి ఉన్న తన చిన్న బూట్లను ఊరివైపు తిప్పి పెట్టి వచ్చింది.