లిఫ్టులో ఇటు తిరిగే మావయ్య

లిఫ్టెక్కితే మా మావయ్య తలుపుకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడతాడు. అంతటితో ఊరుకుంటే నేనిది రాసేదాన్నే కాదు. మాట్లాడతాడు కూడా.

లిఫ్టులో ఎలా ఉండాలో ఎవరూ నేర్పరు, అయినా అందరికీ తెలుసు. తలుపు వైపే చూడాలి. మారే అంకెల్ని పరీక్షా ఫలితాల్లా శ్రద్ధగా చదవాలి. తుమ్మొస్తే మింగెయ్యాలి. మావయ్యకు ఇవేమీ పట్టవు. పై అంతస్తులో ఆయన టైలరింగ్ షాపు, దాని కిందే మా ఆఫీసు. రోజూ ఒకే లిఫ్టు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాని నాకు, ఆ కాసేపూ ప్రాణాలు అరచేతిలో ఉండేవి.

"ఏమ్మా, ఆ జాకెట్టు ఎవరు కుట్టారు? భుజం దగ్గర పీక్కుపోతోంది" అన్నాడొకసారి పక్కనున్నావిడతో.

"మా అత్తగారండీ."

"అయితే బ్రహ్మాండంగా ఉంది."

అన్నిటికన్నా పెద్ద గండం మా మేనేజరు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేరు గనక ఆయనకూ లిఫ్టే గతి. తలుపు మూసుకోవడం ఆలస్యం, మావయ్య అందుకునేవాడు.

"సార్, ప్యాంటు బిగుతైనట్టుందే?"

"లేదు."

"మీరు లేదంటే గుండీ ఒప్పుకోవాలి కదా సార్? పాపం, ఎంత అవస్థ పడుతోందో!"

మేనేజరు ముఖం కందగడ్డయ్యేది. ఈయన నాకేమీ కాడన్నట్టు నేను మూలకు నక్కితే, "ఏమే, నువ్వు చెప్పు, బిగుతా కాదా?" అని నన్నే సాక్ష్యానికి పిలిచేవాడు.

"నీ తమ్ముడు నా ఉద్యోగం ఊడగొట్టేదాకా ఊరుకోడు" అని అమ్మ దగ్గర మొత్తుకున్నాను.

"వాడి నోరు మూయించడం మా నాన్నవల్లే కాలేదు" అంది అమ్మ.

ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. చిమ్మచీకటి. లోపల మేం ముగ్గురమే. ఎవరిదో ఊపిరి కొలిమి తిత్తిలా ఎగిసిపడుతోంది. మేనేజరుది!

"గాలి... గాలాడటం లేదు..."

"ఆడుతుంది సార్, పైన జాలీ ఉంది. నా చెయ్యి పట్టుకోండి. ఇంతకీ నడుమెంత?"

"ముప్ఫై ఆరు..."

"అబద్ధం."

"ఏంటయ్యా అబద్ధం?"

"నలభైకి తగ్గితే నా కత్తెర మీకిచ్చేస్తా."

"నా నడుము సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?" అని మేనేజరు గర్జించారు. నా ఉద్యోగానికి మనసులోనే నీళ్లొదులుకున్నాను.

మావయ్య మెడలోని టేపు తీసి చీకట్లోనే ఆయన చుట్టూ తిప్పాడు. "పొట్ట బిగబట్టకండి సార్! దొంగ కొలతలు పనికిరావు. గట్టిగా పీల్చండి... మెల్లగా వదలండి... ఇంకోసారి!"

కరెంటొచ్చి తలుపు తెరుచుకునేసరికి ఇద్దరూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మేనేజరు విసురుగా వెళ్లిపోగానే నేను మావయ్య మీద విరుచుకుపడ్డాను.

"పిచ్చిదానా, మీరంతా తలుపును చూస్తారు. నేను మనుషుల్ని చూస్తాను" అన్నాడు. "తలుపు మూసుకోగానే ఆయన పిడికిళ్లు బిగుసుకుంటాయి, పెదవులు పాలిపోతాయి. భయమా అని అడిగితే చిన్నబుచ్చుకోడూ? అదే కోపం తెప్పించామనుకో, భయపడే తీరికుండదు."

"మరి మిగతావాళ్లనెందుకు వేధిస్తావు?"

"అది నా నోటి దురద."

మర్నాడు మావయ్య ఆలస్యం చేశాడు. లిఫ్టు నిండిపోయింది. మేనేజరు మాత్రం తలుపుకు చెయ్యి అడ్డంపెట్టి కదలరు. వెనక సణుగుడు మొదలైంది.

"సార్, ఆఫీసుకు టైమవుతోంది" అన్నాను భయపడుతూనే.

"అవనీ" అన్నారాయన గంభీరంగా. "మీ మావయ్యతో తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది."